తలకి దెబ్బ తగిలిన ఇంటి లెక్కలు

హాస్పిటల్ బిల్లు ఎంతయింది అని అందరూ అడుగుతారు. ఇంటికొచ్చాక నెలకి ఎంతవుతోంది, ఎలా నెట్టుకొస్తున్నారు అని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. మా బావకి 2024 జనవరిలో యాక్సిడెంట్ అయ్యింది, ఖమ్మం నుంచి సూర్యాపేట వైపు బండి మీద వెళ్తుంటే రాంగ్ రూట్‌లో వచ్చిన ఆటో గుద్దేసింది, చేతికీ కాలికీ పెద్దగా ఏం కాలేదు, దెబ్బంతా తలకే. అప్పటికి బావకి 36 ఏళ్లు, విత్తనాల కంపెనీలో ఫీల్డ్ జాబ్. అక్క ప్రైవేట్ స్కూల్లో టీచర్. ఇద్దరు పిల్లలు, ఒక హోమ్ లోన్. నేను ఆడిటర్ ఆఫీసులో పని చేస్తా కాబట్టి కాగితాల పనంతా నువ్వే చూడవే అని ఇంట్లో ఫైలు నా చేతిలో పెట్టారు.

ఆ ఫైలు పట్టుకుని తిరిగిన ఈ రెండేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. తలకి దెబ్బ తగిలిన ఇంట్లో రెండు జీతాలు పోతాయి, దెబ్బ తగిలిన మనిషిదీ, ఆ మనిషిని చూసుకోడానికి ఇంట్లో కూర్చున్న మనిషిదీ. మొదటిదానికైనా ఎక్కడో ఒక ఫారం ఉంటుంది, రెండోదాన్ని మనం గట్టిగా అడక్కపోతే ఎవరూ లెక్కలోకే తీసుకోరు.

హాస్పిటల్ సంగతి త్వరగా చెప్పేస్తా. దగ్గర్లో ఉందని ముందు ఒక పెద్ద ప్రైవేట్ హాస్పిటల్‌కి తీసుకెళ్లారు, ఆపరేషన్ చేసి పుర్రె ఎముక ముక్క ఒకటి తీసేశారు, మెదడు వాపు తగ్గేదాకా లోపల చోటు ఉండాలి కదా అందుకని. ఆ ఎముకని పొట్ట చర్మం కింద పెట్టి కుట్టేశారు, మళ్లీ కొన్ని నెలల తర్వాత తీసి తలకి పెట్టడానికి. అంటే మొదటి ఆపరేషన్ రోజే రెండో ఆపరేషన్ ఖర్చు కూడా రాసిపెట్టి ఉన్నట్టే, కానీ ఆ రోజు ఎవరికి ఆ ధ్యాస ఉంటుంది. ఐసీయూ, వెంటిలేటర్, మందులు అన్నీ కలిపి రోజుకి 50 వేలు దాటింది. అక్కడ ఆరోగ్యశ్రీ లేదు. కొంచెం కుదురుకున్నాక ఆరోగ్యశ్రీ ఉన్న వేరే హాస్పిటల్‌కి మార్చాం, అక్కడ బాగానే చూశారు. ఆరోగ్యశ్రీ లిమిట్ తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఆంధ్రాలో దాని పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. అంబులెన్స్ ఎక్కించేటప్పుడే ఆ హాస్పిటల్లో ఈ స్కీం ఉందా, న్యూరో సర్జరీకి ఉందా అని ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కోవాలి, లోపలికెళ్లగానే ఆ స్కీం పనులు చూసే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో వెతుక్కుని వాళ్లతో మాట్లాడాలి. 2025 మే నుంచి కేంద్రం ఇంకో స్కీం పెట్టింది, రోడ్డు యాక్సిడెంట్ ఎవరికి జరిగినా స్కీంలో ఉన్న హాస్పిటల్లో 7 రోజుల వరకు లక్షన్నర దాకా క్యాష్‌లెస్. తలకి పెద్ద దెబ్బయితే ఆ లక్షన్నర ఎన్నాళ్లొస్తుంది అనొచ్చు, కానీ డబ్బు కట్టందే ఆపరేషన్ మొదలుపెట్టం అనే మాట వినాల్సిన ఆ మొదటి గంటల్లో అది చాలా పెద్ద సంగతి.

గండం గడిచింది, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. అందరం దేవుడికి దండం పెట్టుకున్నాం. అసలు ఖర్చు ఆ రోజే మొదలైంది.

హాస్పిటల్లో ఉన్నంతకాలం ఏదో ఒక స్కీమో, ఇన్సూరెన్సో, ముఖ్యమంత్రి సహాయనిధి‌కి పెట్టుకోడానికి బిల్లో ఉంటుంది. ఇంటికొచ్చాక కొనేవాటికి ఏదీ రాదు. ఎయిర్ బెడ్, గొంతులో కఫం లాగే సక్షన్ మిషన్, డైపర్లు, ముక్కు గొట్టం ద్వారా పోయడానికి ప్రొటీన్ పౌడర్, ఫిట్స్ రాకుండా టాబ్లెట్లు, రోజూ వచ్చే ఫిజియోథెరపీ ఆయనకి ఒక్కోసారికి 500. కేర్‌టేకర్‌ని పెడదామని ఏజెన్సీని అడిగితే పగటి పూటకే నెలకి 20 వేలు చెప్పారు, రాత్రికి ఇంకొకరు కావాలంట. అక్క జీతం 14 వేలు. 20 వేలిచ్చి మనిషిని పెట్టుకుని 14 వేల కోసం స్కూల్‌కి వెళ్లలేదు కదా, మానేసింది. ఇలాంటి ఇళ్లల్లో ఆడవాళ్ల ఉద్యోగం ఇట్లాగే పోతుంది, తీసేశారనీ ఉండదు మానేసిందనీ ఉండదు, ఒక రోజు సెలవు పెట్టి ఇంక వెళ్లరంతే.

మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ ఉన్నా డిశ్చార్జ్ తర్వాత ఓ 60 రోజులో 90 రోజులో మందులూ టెస్టులూ ఇస్తారు, ఇంట్లో మనిషిని పెట్టుకుంటే ఇవ్వరు. తలకి దెబ్బ తగిలిన మనిషి కోలుకోడానికి నెలలు కాదు ఏళ్లు పడుతుంది, స్పీచ్ థెరపీ, ఫిజియో మొదట్లో ఎంత బాగా జరిగితే అంత మేలని డాక్టర్లే చెప్తారు, సరిగ్గా అప్పుడే చేతిలో డబ్బుండదు. మా నాన్న అరెకరం అమ్మేశారు, అక్క గాజులు తాకట్టులోకి వెళ్లాయి, చుట్టాల దగ్గర చేబదుళ్లు, అవి చాలక నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇంకో మూడు లక్షలు. రెండు రూపాయల వడ్డీ అంటే మన దగ్గర తక్కువే అంటారు, కానీ ఏడాదికి 24 శాతం అది.

ఇన్సూరెన్సులన్నీ ఒకచోట పెట్టి చదివినప్పుడు నాకు కడుపు రగిలిపోయింది. బావకి టర్మ్ పాలసీ ఉంది, అది చనిపోతేనే. హోమ్ లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు వాళ్లు అంటగట్టిన లోన్ ఇన్సూరెన్స్, అదీ చనిపోతేనే. ఊళ్లో పొలం ఉందని రైతుబీమా ఉంది, 5 లక్షలు, అదీ చనిపోతేనే. బ్యాంకు అకౌంట్లో ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్ష బీమా ఒక్కటే వికలాంగులైనా ఇస్తుంది, కానీ అక్కడ లెక్క కళ్లూ చేతులూ కాళ్లతోనే. రెండు కళ్లు పోయినా రెండు చేతులో కాళ్లో పనికిరాకుండా పోయినా 2 లక్షలు, ఒక కన్నో ఒక చెయ్యో అయితే లక్ష. జ్ఞాపకం పోతే, లెక్క పెట్టడం పోతే, కోపం అదుపులో లేకపోతే, ఒక పని మొదలుపెట్టి పూర్తి చేసే శక్తి పోతే ఎంత అనేది అందులో ఎక్కడా లేదు. మనిషి బతికి ఉన్నాడు కాబట్టి మా ఇంటికి ఏ పాలసీ నుంచీ ఒక్క రూపాయి రాలేదు. ఈ మాట రాయడానికి కూడా నోరు రావట్లేదు, కానీ ఉన్న పరిస్థితి ఇది.

బండి ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మనం ఎవరినైనా గుద్దితే వాళ్లకిచ్చేది, మన బండి స్కిడ్ అయ్యి మనమే పడితే అది మనకి పనికిరాదు. అలాంటప్పుడు ఉండేది ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్, 15 లక్షలు, శాశ్వతంగా పూర్తిగా పనికి రాకుండా పోయినా వస్తుంది, లైసెన్స్ ఉండాలి. రెన్యువల్ చేసేటప్పుడు కొన్ని వందలు తగ్గుతాయని ఏజెంట్లు దాన్ని తీసేసి కట్టేస్తున్నారు. బావ పాలసీలో కూడా లేదు. మీ పాలసీ కాగితం ఇవాళే తీసి ఆ లైన్ ఉందో లేదో చూసుకోండి దయచేసి.

ఇప్పుడు బావ నడుస్తాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు, ఎడమ చెయ్యి పట్టు తక్కువ, మాట బాగానే వచ్చింది. ఇంటికొచ్చిన వాళ్లని గుర్తుపట్టి నవ్వుతూ పలకరిస్తాడు, పది నిమిషాలు కూర్చుని వెళ్లిన చుట్టాలు బయటికెళ్లి బాగానే ఉన్నాడుగా ఇంకేంటి అంటారు. అక్కడే ఉంది అసలు కష్టం. పొద్దున టాబ్లెట్ వేసుకున్నాడో లేదో మధ్యాహ్నానికి గుర్తుండదు. స్టవ్ వెలిగించి మర్చిపోతాడు. ఇంట్లో చెప్పకుండా ఫోన్లో వస్తువులు ఆర్డర్ పెట్టేస్తాడు. పోయినేడు బ్యాంకు నుంచి అని ఎవరో ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పేశాడు, అకౌంట్లో ఉన్న 18 వేలూ పోయాయి, అది పిల్లల ఫీజు కోసం మా అమ్మ పంపిన డబ్బు. అక్క ఏడుస్తుంటే పక్కనే కూర్చుని ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడే అంటాడు. యాక్సిడెంట్‌కి ముందు మూడు మండలాల డీలర్ల బాకీలు నోటి లెక్కతో చెప్పిన మనిషి. మెదడు ముందు భాగం దెబ్బతింటే ఇలాగే మంచీ చెడూ ఆలోచించుకునే శక్తి తగ్గుతుందని డాక్టర్ గారు చెప్పారు, అది స్కానింగ్‌లో ఉన్నంత స్పష్టంగా మనిషి మొహంలో కనపడదు. అకౌంట్లో డబ్బుల దగ్గర మాత్రం కనపడుతుంది. అందుకే ఇప్పుడు ఆ ఫోన్లో యూపీఐ తీసేశాం, ఇంటి ఖర్చుల డబ్బంతా అక్క అకౌంట్‌లోనే.

వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి తీసుకెళ్తే 45 శాతం వైకల్యం అని రాశారు, చెయ్యీ కాలూ చూసి. వాళ్లని అనడానికి లేదు, వాళ్ల ముందున్న రూల్స్ అలాంటివి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, పార్కిన్సన్స్ ఉంది, యాసిడ్ దాడి బాధితులు ఉన్నారు, యాక్సిడెంట్‌లో మెదడుకి దెబ్బ అనేది విడిగా లేదు. కాబట్టి దాన్ని చెయ్యి కాలు కిందో, మాట కిందో, మానసిక సమస్య కిందో ఇరికించి చూడాలి, మనం అడక్కపోతే ఆర్థో డాక్టర్ దగ్గరే ఆగిపోతుంది. న్యూరోసైకాలజీ టెస్టు అని ఒకటి ఉంటుంది, జ్ఞాపకశక్తి, శ్రద్ధ, ప్లానింగ్ ఇవన్నీ గంటల తరబడి పరీక్ష చేసి రిపోర్టు ఇస్తారు, బెంగళూరు నిమ్హాన్స్‌లో చేస్తారు, హైదరాబాద్‌లో కూడా చేసేవాళ్లున్నారు. అది చేయించి పెట్టుకోవాలి. ఈ రిపోర్టు ఎంత ముఖ్యమో లెక్క చూస్తే తెలుస్తుంది.

యాక్సిడెంట్ కేసుల ట్రిబ్యునల్లో నష్టపరిహారం ఎలా లెక్కేస్తారంటే, నెలకి 25 వేలు సంపాదించేవాడు అనుకోండి, ఏడాదికి 3 లక్షలు. 40 ఏళ్ల లోపు వాళ్లకి మున్ముందు సంపాదన పెరిగేది కదా అని కలపాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, పర్మినెంట్ ఉద్యోగం కాకపోతే 40 శాతం, అంటే 4 లక్షల 20 వేలు. దాన్ని వయసుని బట్టి ఒక అంకెతో గుణిస్తారు, ఆ అంకెనే మల్టిప్లయర్ అంటారు, 36 నుంచి 40 మధ్య వయసుకి అది 15, అంటే 63 లక్షలు. ఇప్పుడు ఆ సర్టిఫికెట్‌లో ఉన్న 45 శాతమే పట్టుకుంటే 28 లక్షల 35 వేలు అవుతుంది. కానీ 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది, సర్టిఫికెట్‌లో ఉన్న శాతం వేరు, దానివల్ల ఆ మనిషి సంపాదన ఎంత పోయింది అనేది వేరు, ట్రిబ్యునల్ చూడాల్సింది రెండోది అని. ఊరూరా తిరిగి ఆర్డర్లు తెచ్చి డబ్బు వసూలు చేసే మనిషికి జ్ఞాపకం పోతే ఆ ఉద్యోగం వరకు నూటికి నూరు శాతం పోయినట్టే. ఈ ఒక్క విషయం నిరూపించడం, నిరూపించలేకపోవడం మధ్య తేడా 34 లక్షలకి పైనే. డాక్టర్ గారు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాలి, కంపెనీ నుంచి అతను ఏం పని చేసేవాడో రాసిన కాగితం కావాలి, శాలరీ స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. డీలర్లలో ఇద్దరు వచ్చి చెప్తామన్నారు, వాళ్లకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం.

కేసు వేసేవాళ్లకి ఇంకొన్ని. 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు, దాని మీద కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి గానీ వాటిని నమ్ముకోకుండా ఆరు నెలల్లోపే వేసేయండి. ఎఫ్ఐఆర్, హాస్పిటల్ వాళ్లు పోలీసు కేసు కోసం రాసే మెడికో లీగల్ కాగితం (ఎంఎల్‌సీ), డిశ్చార్జ్ సమ్మరీ, ప్రతి మందుల బిల్లూ దాచండి, థర్మల్ పేపర్ బిల్లులు ఏడాది తిరిగేసరికి తెల్లకాగితాలైపోతాయి కాబట్టి వచ్చిన రోజే జిరాక్స్ తీయించండి. గుద్దిన బండి దొరకనే లేదనుకోండి, హిట్ అండ్ రన్ కింద పెద్ద గాయాలకి ఇచ్చేది 50 వేలు, చనిపోతే 2 లక్షలు, అంతే. లోక్ అదాలత్‌లో సెటిల్ చేసుకుందాం అని ఇన్సూరెన్స్ వాళ్లు మొదటి ఏడాదిలోనే అడుగుతారు, అప్పులున్న ఇంట్లో ఆ మాట చాలా తియ్యగా వినపడుతుంది. మాకూ 12 లక్షలు అన్నారు. కాలు విరిగిన కేసుల్లో ఏమో గానీ తల దెబ్బ కేసుల్లో అంత తొందరగా ఒప్పుకోకూడదు అనే నేనంటా, మనిషి ఎంతవరకు కోలుకుంటాడో ఏడాదిన్నర, రెండేళ్లు గడిస్తేగానీ డాక్టర్లకే తెలియదు, ఒకసారి సంతకం పెట్టాక ఫిట్స్ మొదలైతే మళ్లీ అడగడానికి ఉండదు.

ఉద్యోగం సంగతి. మూడు నెలల తర్వాత కంపెనీ హెచ్ఆర్ ఆయన అక్కకి ఫోన్ చేసి రిజైన్ లెటర్ పెడితే సెటిల్‌మెంట్ త్వరగా చేస్తాం మేడం అన్నాడు, ఫార్మాట్ కూడా వాట్సాప్‌లో పంపాడు, అందులో వ్యక్తిగత కారణాల వల్ల అని ఉంది. దాన్ని మార్పించి యాక్సిడెంట్ వల్ల పని చేయలేని స్థితి వచ్చినందుకు అని రాయించాం. ఎందుకంటే గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు ఉండాలి, బావది నాలుగేళ్లే, కానీ చనిపోయినా వికలాంగులైనా ఆ ఐదేళ్ల రూలు వర్తించదు. ఆ ఒక్క వాక్యంతో గ్రాట్యుటీ వచ్చింది. పీఎఫ్ పెన్షన్ స్కీంలో కూడా పూర్తిగా శాశ్వతంగా పనికి రాకుండా పోతే పదేళ్ల సర్వీసు లేకపోయినా పెన్షన్ ఉంది, మెడికల్ బోర్డు చూడాలి, మేం పెట్టుకున్నాం, ఇంకా తేలలేదు. జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతుంటే అది ఇంకా పెద్ద ఆధారం, డ్యూటీకి వెళ్తూ వస్తూ జరిగిన యాక్సిడెంట్ కూడా ఉద్యోగంలో జరిగినట్టే చూస్తారు. ఇక ప్రభుత్వ ఉద్యోగి అయితే మాత్రం ఎవరేం చెప్పినా రాజీనామా పెట్టకండి, వాలంటరీ రిటైర్మెంట్ కూడా పెట్టకండి. 2016 చట్టం సెక్షన్ 20 ప్రకారం ఉద్యోగంలో ఉండగా వికలాంగులైన వాళ్లని తీసేయకూడదు, అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి, పోస్టు లేకపోతే ప్రత్యేకంగా ఒకటి సృష్టించైనా రిటైర్ అయ్యేదాకా ఉంచాలి. మా కాలనీలో ఒక కుటుంబం తెలియక వాలంటరీ పెట్టేసింది, ఆ ఇంటి పరిస్థితి చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

బ్యాంకులో ఒక పద్ధతి ఉందని చాలామందికి తెలియదు. మనిషి హాస్పిటల్లో స్పృహలో ఉన్నాడు గానీ సంతకం పెట్టలేడు, డబ్బంతా ఆయన అకౌంట్లో ఉంది, ఏటీఎం పిన్ ఎవరికీ తెలియదు. అప్పుడు వేలిముద్రతో, చెయ్యి కదలకపోతే కాలి వేలిముద్రతో కూడా డబ్బు తీసుకోవచ్చు, ఇద్దరు సాక్షులుండాలి, వాళ్లలో ఒకరు బ్యాంకు ఉద్యోగి అయ్యుండాలి, రిజర్వ్ బ్యాంకే చెప్పిన రూలు ఇది. బావకి కుడి చేతి బొటనవేలుతోనే అయ్యింది, మేనేజర్ గారు మనిషిని హాస్పిటల్‌కి పంపించారు. అసలు స్పృహే లేకుండా కోమాలో ఉన్నవాళ్ల సంగతి వేరే, వాళ్లకి గార్డియన్‌ని పెట్టడానికి మన దేశంలో విడిగా చట్టం లేదు, భార్య అయినా సరే హైకోర్టులో రిట్ వేసి ఆర్డర్ తెచ్చుకోవాల్సిందే. అందుకే అకౌంట్లు జాయింట్‌గా పెట్టుకోండి, ఐదర్ ఆర్ సర్వైవర్ అని, అంటే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునేలా.

పెన్షన్ తెలంగాణలో వికలాంగులకి నెలకి 4,016. ఆంధ్రాలో 2024 నుంచి 6 వేలు, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైతే 15 వేలు. ఖమ్మం దాటి ఆంధ్రాలో ఉన్న తిరువూరు వెళ్తే అదే గాయానికి లెక్క మారిపోతుంది. 4,016 అంటే బావ ఫిట్స్ టాబ్లెట్లకీ, ఇంట్లో పాలకీ సరిపోతుంది.

ఇప్పుడు మేం చేస్తున్నది అక్క జీతం గురించి. లాయర్ గారిని అడిగితే ఇంట్లో వాళ్లు చూసుకుంటున్నప్పుడు అటెండెంట్ ఛార్జీలు పెద్దగా ఇవ్వరమ్మా అన్నారు మొదట. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి తీసి చూపించాను, చిన్నప్పుడు తలకి దెబ్బ తగిలి ఎదుగుదల ఆగిపోయిన ఒక అమ్మాయి కేసు, అందులో అటెండెంట్ ఖర్చుని ఏదో ఒక మొత్తం పడేయకుండా జీతం లెక్కేసినట్టే నెలకింత అని పెట్టి మల్టిప్లయర్‌తో గుణించి ఇచ్చారు. అది చదివాక ఆయన కూడా సరే అడుగుదాం అన్నారు. స్కూల్ నుంచి అక్క సర్వీస్ సర్టిఫికెట్, చివరి ఆరు నెలల జీతం, ఉద్యోగం మానేసిన తేదీ తెచ్చాం. ఏజెన్సీ నుంచి కేర్‌టేకర్ రేటు కొటేషన్ రాయించాం. రోజులో ఎన్ని గంటలు బావ పక్కన ఉండాల్సొస్తుందో అక్కని చెప్పమంటే దాంట్లో రాయడానికేముందే అంది, నేను పక్కన కూర్చుని పొద్దున టాబ్లెట్ దగ్గర్నుంచి రాత్రి గ్యాస్ కట్టేసి తలుపు గడియ పైన పెట్టేదాకా అడిగి అడిగి రాశాను, రెండు పేజీలొచ్చింది. అది అఫిడవిట్‌లో కలిపి వచ్చే వాయిదాకి వేస్తున్నాం.